నీళ్లు తాకని కాంటెస్సా: సత్తుపల్లి నుంచి బూర్గంపాడు దాకా

ఇంటర్నెట్‌లో పాత కార్ల ప్రకటనలు చూసి, ఫోటోకే మనసు పారేసుకుని, అడ్వాన్సు పంపడానికి తయారుగా ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ నాలుగు ముక్కలు చదివాక పంపండి. నాకు కార్ల గురించి తెలిసింది తక్కువే. తలుపు తీయడం, ఎక్కి కూర్చోవడం, దిగేటప్పుడు తలుపు గట్టిగా వేశానని తిట్లు తినడం, అంతవరకే. మా ఆయన గురించి మాత్రం బాగా తెలుసు. ఈ ప్రయాణం మొదలైంది ఆయన వల్లే.

మాది సత్తుపల్లి దగ్గర ఓ పల్లె. మా మామగారి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. పామాయిల్ తోట ఉంది. పోయిన ఏడాది మా ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. గొంతుకేమీ కాలేదు. బరువులెత్తొద్దు, ట్రాక్టరెక్కొద్దు, ఎండలో తిరగొద్దు అని డాక్టరు చెప్పిన రోజు నుంచి ఆయన వరండాలో కుర్చీ వేసుకుని గేటు వైపు చూస్తూ కూర్చునేవారు. అన్నం వడ్డించనా అంటే ఊ. టీ పెట్టనా అంటే ఊ. అంతకుముందు ఈయన నోరు ఎప్పుడు మూతపడుతుందా అని విసుక్కున్నదాన్ని, ఆ నెలల్లో ఒక్క తిట్టయినా తిడితే బాగుండునని ఎదురుచూశాను.

అలాంటి మనిషి ఓ సాయంత్రం వరండాలోంచి "సుజాతా, ఇలా రా, ఇది చూడు" అని కేకేశారు. పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తాను. ఫోన్లో ఓ తెల్ల కాంటెస్సా. పొడుగాటి ముక్కు, వెడల్పాటి నడుము, ముందు బానెట్ మీద ఇత్తడి చిలక. ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. ఆ రోజుల్లో అంబాసిడర్ అందరి బండి అయితే, కాంటెస్సా కండలున్న బండి. ఈయన కుర్రాడిగా ఉన్నప్పుడు సత్తుపల్లిలో ఓ రైస్ మిల్లు యజమానికి ఉండేదట. దాన్ని చూడటానికే చుట్టు తిరిగి మిల్లు మీదుగా కాలేజీకి వెళ్లేవారట. ముప్పై ఏళ్ల కాపురంలో ఈ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆ రాత్రి భోజనం దగ్గర కార్బురేటర్ అంటే ఏమిటో అరగంట చెప్పారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి.

ప్రకటన ఇలా ఉంది. ఒక్కరి చేతి బండి. ఇంటి వాడకం మాత్రమే, కిరాయికి తిప్పలేదు. ఎప్పుడూ షెడ్డులోనే. వరద నీళ్లు తాకలేదు. కొద్దిపాటి పని చేయించుకుంటే రోడ్డెక్కుతుంది. కారు బూర్గంపాడులో ఉంది, అంటే గోదావరికి ఇవతలి ఒడ్డు, అవతల భద్రాచలం. "వేరే పార్టీ వస్తున్నారు, అడ్వాన్స్ పంపితే ఆపుతా" అని అమ్మే ఆయన ఫోన్లో అన్నారట. నేను ప్రకటన రెండుసార్లు చదివాను. ఎవరూ అడక్కుండానే వరద నీళ్లు తాకలేదని ఎందుకు రాశాడు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది అన్నాను. "నీకన్నీ అనుమానాలే" అన్నారు. సరే, అనుమానమే అనుకోండి, కంటితో చూడందే రూపాయి పంపేది లేదని పట్టుబట్టాను. మూడు కోతల పామాయిల్ డబ్బు అది. కానీ నిజం చెప్పాలంటే నా భయం డబ్బు గురించి కాదు. ఈ కారు డొల్లని తేలితే ఆయన మళ్లీ ఆ వరండా కుర్చీలోకి వెళ్లిపోతారు. నాకు కారు మీద ఏ ప్రేమా లేదు, దాంతో తిరిగొచ్చిన ఆయన మాట మీద ఉంది.

ఫాల్గుణంలో ఓ పొద్దున బయల్దేరాం. కొత్తగూడెం మీదుగా పెద్ద రోడ్డు ఉన్నా, దమ్మపేట, ములకలపల్లి మీదుగా అడవి దారిలో వెళ్దామన్నారు. ఎటు వెళ్లినా వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. సత్తుపల్లిలో ఆరున్నర బస్సెక్కాం. నేను ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టాడు, ఆయన మాత్రం డబ్బులిచ్చి కొనుక్కున్నారు. "చూశారా, నన్ను వెంట తీసుకురావడానికి ఖర్చే లేదు" అన్నాను. "ఇంట్లో వదిలి రావడానికే ఖర్చు" అన్నారు. ముందు సీటావిడ నవ్వింది. దమ్మపేట దాటాక పామాయిల్ తోటలు పలచబడి అడవి మొదలైంది. ఆకు రాలిన మోదుగు చెట్ల నిండా ఎర్రటి పూలు. కిటికీ లోంచి వచ్చే గాలి ఇంకా చల్లగానే ఉంది. ఎండలు ముదరకముందు వెళ్తేనే ఈ దారి బాగుంటుంది.

ములకలపల్లిలో దిగి టిఫిను చేశాం. రోడ్డు పక్కన రేకుల పాక, బెంచీలు, ప్లేటు ఇడ్లీ నలభై రూపాయలు, పల్లీ చట్నీ ఎంత అడిగితే అంత. మా ఆయన మనవడి ఫోటో చూపించినట్టు టిఫిను పెట్టే ఆవిడకు కారు ఫోటో చూపించారు. ఆవిడ చేతులు తుడుచుకుని ఫోన్ దగ్గరికి లాక్కుంది.

"ఏంది, గిది బూర్గంపాడు టెంటోళ్ల బండి కాదా! మా చెల్లె పెళ్లికి ఇదే వచ్చింది. గీ చిలకను చూసి గుర్తువట్టిన. పెళ్లిపిల్లగాడు మండపం కాడికొచ్చినంక గూడ బండి దిగనంటడు. మా నాయన పోయి బతిలాడిండు."

"ఇది ఇంట్లో వాడుకునే బండమ్మా. ఇంకోటి అయ్యుంటుంది" అన్నారు మా ఆయన.

"గట్లంటవేంది సారూ? ఈ చుట్టుపక్కల గసొంటిది ఒక్కటే. దీన్ల ఎక్కకుంటే పెళ్లే కాదన్నట్టు ఉండె అప్పట్ల."

ఆయన ఇడ్లీ సగంలో వదిలేశారు. అక్కణ్ణుంచి పాల్వంచకు షేర్ ఆటో, మనిషికి అరవై. ఆ ఆటో డ్రైవర్ కూడా, పేరు అడగలేదు, ఫోటో చూసి హ్యాండిల్ వదిలేసినంత పని చేశాడు. "నా లగ్గం కూడా గీ బండ్లనే అయిందన్నా! బరాత్‌ల ఊరి నడుమ ఆగిపోయింది. బ్యాండోళ్లు వాయిస్తనే ఉన్నరు, మా దోస్తులు నూకుతనే ఉన్నరు. గట్లనే అత్తగారి ఇంటిదాంక నూకిండ్రు." ఆటోలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా ఆయన బయటికి చూస్తూ కూర్చున్నారు. అడవి రోడ్డు మీద ఎంతసేపటికీ మాట లేదు. అయిపోయింది, మళ్లీ ఊ అనే మనిషే మిగిలాడనుకున్నాను. పాల్వంచ దగ్గరపడుతుండగా ఉన్నట్టుండి నా వైపు తిరిగారు.

"బరాత్‌లో తిరిగిన బండి కదే. మనిషి నడక కంటే జోరుగా పోదు. ఇంజను పెద్దగా అరిగుండదు."

నాకు నవ్వాగలేదు. ప్రేమిస్తే ఇలా ప్రేమించాలి. నేను ముప్పై ఏళ్లు చాకిరీ చేసినా ఇంత ఉదారంగా నా తప్పు ఒక్కటి కాయలేదు ఈయన.

పాల్వంచలో భద్రాచలం బస్సెక్కి బూర్గంపాడు అడ్డరోడ్డు దగ్గర దిగి, ఆటోలో ఊళ్లోకి వెళ్లేసరికి పదకొండయింది. టెంట్ హౌస్ అంటే ఎవరైనా చూపిస్తారు. పెద్ద వాకిలి, ఒక పక్క షామియానా గుంజలు, ఇంకో పక్క ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు. ఎదురొచ్చిన మనిషి పేరు ఖాసిం. యాభై దాటి ఉంటాయి. తాతల నాటి నుంచి ఆ ఊళ్లోనే వ్యాపారం. "రండన్నా, రాండ్రి అక్కా, ఎండల వడి వచ్చిండ్రు" అని తనే కుర్చీలు తుడిచి వేశాడు. పార్టీలను మోసం చేసే మనిషిని ఎలా ఊహించుకున్నానో గానీ ఇలా మాత్రం ఊహించుకోలేదు.

షెడ్డులో కారు తళతళలాడుతోంది. కొత్త పెయింటు, కొత్త సీటు కవర్లు, తలుపు తీస్తే గుప్పున అత్తరు వాసన. మా ఆయన దాని చుట్టూ గుడి చుట్టూ తిరిగినట్టు తిరిగారు. ఆర్‌సీలో ఉన్న నంబరూ బండి మీద కొట్టిన నంబరూ సరిచూశారు, అవి కలిశాయి. తర్వాత పాత స్పీకర్లోంచి ఊడదీసి, రుమాలులో చుట్టి తెచ్చిన అయస్కాంతాన్ని జేబులోంచి బయటికి తీశారు. ఇనుము ఉన్నచోట అయస్కాంతం పట్టుకుంటుంది, తుప్పు తిన్న చోట పుట్టీ మెత్తి రంగేస్తే పట్టదు. తలుపుల పైభాగంలో బాగానే పట్టింది. కింద భాగంలో నాలుగు తలుపులకీ జారి కింద పడింది. పడ్డ ప్రతిసారీ ఆయన తీసి తుడుచుకుని, "పాత బండన్నాక ఆ మాత్రం పుట్టీ ఉండదా" అని తనకు తనే చెప్పుకున్నారు. స్టార్ట్ చేయమంటే బ్యాటరీ లేదన్నాడు ఖాసిం. "బ్యాటరీదేముంది" అన్నారు ఈయన. అమ్మేవాడు చెప్పాల్సిన సాకులన్నీ కొనేవాడే చెబుతుంటే ఖాసిం పాపం నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు నాకది విచిత్రంగా అనిపించింది.

ఇంతలో ఖాసిం భార్య రజియా నన్ను లోపలికి పిలిచింది. మంచినీళ్లిచ్చింది, వంటింట్లో బగారా అన్నం తాలింపు వేస్తూ కబుర్లు మొదలుపెట్టింది. ఇంటికి కొత్తగా సున్నం వేశారు. అయితే ముందు గదిలో గోడ మీద, నా తల కంటే మూరెడు పైన, ఒక బురద రంగు గీతను, బొడ్డెత్తున ఇంకోదాన్ని వదిలేసి చుట్టూ వేశారు. ఇదేమిటమ్మా అని అడిగాను. రజియా గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. ఆ ఊళ్లో అదో మర్యాదని తర్వాత తెలిసింది. గోదావరి ఇంట్లోకి ఎంత ఎత్తు వచ్చిందో ఆ గీతను చెరపరు, చుట్టం వస్తే ముందు దాన్నే చూపిస్తారు. ఆ కథ వినకుండా ఎవరినీ పంపరు.

"గిది పెద్ద వరదప్పటిది అక్కా. గీ బొడ్డెత్తు గీత మా మామ కాలంది. గప్పుడు సామాన్లు అటక మీద పెట్టుకొని బతికిండ్రు. ఈసారి అటకే మునిగింది. షామియానా గుడ్డలన్నీ పోయినయ్. కుర్చీలైతే ఏ ఊరికి పోయినయో అల్లాకే తెలుసు."

"మరి అప్పుడు కారెక్కడుందమ్మా?"

అడగాలని అడగలేదు. మాట వరసకు వచ్చేసింది. పొయ్యి మీద తాలింపు మాడు వాసన వస్తున్నా రజియా కదల్లేదు. కిటికీలోంచి చూస్తే షెడ్డు నేల ఇంటి గడప కంటే రెండడుగులు పల్లంలో ఉంది. గోడ మీద గీత నా తల మీద ఉంది. లెక్క చెప్పడానికి నాలాంటి దానికి కూడా కార్ల చదువు అక్కర్లేదు.

బయట మా ఆయన గొంతు వినిపిస్తోంది. మునిగినవాడు ఊపిరి పీల్చినట్టు గలగలా మాట్లాడుతున్నారు. తోటలో పాక వేస్తారట, ఇంజను దించుతారట, తెలుపు తీసేసి నీలం వేస్తారట. ఆ గొంతు విని నిజంగా ఒక్క క్షణం నోరు మూసుకుందామనుకున్నాను. డబ్బు పోతే పోయిందిలే, ఈ గొంతు ఉంటే చాలు అనిపించింది. కానీ ఇంటికి వెళ్లాక తలుపులు విప్పితే తెలియకపోతుందా? అప్పుడు ఇద్దరం మోసపోయి, అందులో ఒకరు తెలిసీ చెప్పకుండా ఉంటే, ఆ ఇంట్లో ఇక మాటేముంటుంది? గడప దగ్గరికి వెళ్లేసరికి ఆయన డబ్బు పంపడానికి ఫోన్ తీశారు.

"ఏమండీ, ఒక్కసారి లోపలికి రండి. మంచినీళ్లు తాగి పంపుదురు గాని."

వచ్చారు. గీత చూశారు. రజియా కథ మళ్లీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆయన గీత వంక చూసి, కిటికీలోంచి కారు వంక చూసి, మెల్లగా మంచం మీద కూర్చున్నారు. తల వంచుకునే అన్నారు.

"సీటు పైకెత్తినప్పుడు కింద ఒండ్రు కనబడింది సుజాతా. చూడనట్టు ఊరుకున్నాను."

ఖాసిం గుమ్మంలోనే ఆగిపోయాడు. కోపమైనా రాలేదు నాకు. ఇద్దరు పెద్దమనుషులు పరీక్ష తప్పిన పిల్లల్లా తలలు వంచుకుని ఉంటే ఎవరిని తిట్టను? ఖాసిమే మొదలుపెట్టాడు.

"తప్పయిందన్నా. మొదలు నిజమే రాసిన. వరదల మునిగింది, ఇంజను తిరగదు అని. మూడు నెలలు ఒక్కడు ఫోన్ చెయ్యలే. ఒకాయన వచ్చిండు, కాటా మీద పెట్టు, కిలోల లెక్కన ఇస్త అన్నడు. మా నాయన బండన్నా అది, పాత ఇనుములెక్క ఎట్ల తూస్త? మా బామ్మర్ది గిట్ల రాయి అన్నడు, రాసిన. అబద్ధం రాస్తే మీరొచ్చిండ్రు."

"వరదొస్తుందని ముందే చెప్పి ఉంటారుగా. బండి బయటికి తీయలేదా?" అని అడిగారు మా ఆయన. కోపంగా అడిగారనే అనుకున్నాను.

"తీసినన్నా. భద్రాచలం కాడ గోదారికి మూడో హెచ్చరిక ఇచ్చినప్పటి సంది తిప్పుతనే ఉన్న. ట్రాక్టర్లు సరిపోతలెవ్. ముసలోళ్లు, పిల్లలు, బాలింతలు. సారపాక మెరకకు దింపుడు, మళ్ల వచ్చుడు. మేకలు గూడ ఎక్కినయ్. ఆఖరికి మూలింటి ముసలమ్మ కోసం వచ్చిన. కోళ్లు లేకుంటే కదల అని కూసుంది. కోళ్లను వట్టేసరికి నీళ్లు సైలెన్సర్లకొచ్చినయ్, బండి ఆగింది. ఇగ షెడ్డుల నూకి, ముసలమ్మను భుజాన వేసుకొని పోయిన."

"ఆవిడ?" అన్నాను నేను.

"మంచిగనే ఉన్నది. రెండు కోళ్లు పోయినయని ఇప్పటికీ నన్నే తిడ్తది."

మా ఆయన తలెత్తారు. "ఇదంతా రాయొచ్చు కదయ్యా ప్రకటనలో!"

"కథలకు పైసలెవరిస్తరన్నా?"

అప్పుడు మా ఆయన చేసిన పని చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఖాసిం ఫోన్ తీసుకుని నా చేతిలో పెట్టారు. "నీకు రాయడం వచ్చుగా. ఈయన చెప్తాడు, ఉన్నదున్నట్టు రాయి" అన్నారు. రజియా వడ్డించిన బగారా అన్నం, వంకాయ కూర తింటూ, ఎడం చేత్తో పాత ప్రకటన చెరిపేసి కొత్తది రాశాను. పెళ్లిళ్లకు కిరాయికి తిరిగిన బండి. బరాత్‌లో ఆగితే నూకాల్సి వచ్చేది. పెద్ద వరదలో జనాన్ని మెరకకు చేర్చి తను మునిగిపోయింది. తలుపుల కింద పుట్టీ ఉంది, సీట్ల కింద ఒండ్రు ఉంది, ఇంజను తిరగదు. చిలక మాత్రం అసలుదే. ఖాసిం విని, "ఇగ ఎవడు కొంటడు అక్కా" అని నవ్వాడు. మేం వచ్చాక అతను నవ్వడం అదే మొదటిసారి.

మా ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఒక్కో ముక్కా మెల్లగా చదివారు.

"దీన్ని ఎక్కడా పెట్టకు ఖాసిం భాయ్. ఈ బండికి పార్టీ వచ్చేశాడు" అన్నారు.

బేరం తలకిందులుగా సాగింది. ఖాసిం తనే తగ్గిస్తూ పోయాడు, ఈయన ఇంకొంచెం తీసుకోమంటారు. చెప్పిన ధరలో సగం కంటే తక్కువకే కుదిరింది. మిగిలిన డబ్బు ఇంజనుకూ తలుపులకూ సరిపోతుందో లేదో ఇప్పటికీ తెలియదు. మర్నాడే ఖాసిం డీసీఎం వ్యాన్లో తాళ్లతో కట్టించి తనే వెంట వచ్చి మా తోటలో దింపాడు. వాళ్ల నాన్న బండిని విడిచి వెళ్లేటప్పుడు ఓసారి బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డాడు. చిలక ఉంచుకుంటావా అని మా ఆయన అడిగితే, "అది లేకుంటే గుర్తువట్టరన్నా" అన్నాడు.

ఇలాంటి బండ్ల కోసం వెళ్లేవాళ్లకు అయస్కాంతం, టార్చిలైటు తీసుకెళ్లమని అందరూ చెబుతారు, అవి తీసుకెళ్లండి. ఆర్‌సీ సరిచూడండి, సీట్లు ఎత్తి చూడండి, అత్తరు వాసన వస్తే ఎందుకొస్తోందో ఆలోచించండి. అయితే మన కళ్లు మనకే అబద్ధం చెబుతాయని నాకు బూర్గంపాడులో తెలిసింది. కావాలనుకున్నవాడి చేతిలో అయస్కాంతం నాలుగుసార్లు జారిపడినా లాభం లేదు. అందుకని, ఆ బండి మీద మనసు లేని మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. దారిలో టిఫిను దగ్గరా ఆటోలోనూ ఫోటో చూపించండి. అడ్వాన్సు పంపకండి. ముఖ్యంగా, అమ్మేవాళ్లు ఇంట్లోకి రమ్మంటే మొహమాటపడకుండా వెళ్లి మంచినీళ్లు తాగి రండి. ఒడ్డున ఉన్న ఊరైతే గోడలు చూడండి.

మేం మోసపోయామా లేదా అని చుట్టాలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. బండి ఇంతవరకూ కదల్లేదు. వరండాలో కుర్చీ మాత్రం పాకలోకి మారింది. నిన్న మధ్యాహ్నం టీ తీసుకెళ్తే మా ఆయన ఎడమ తలుపు విప్పి, లోపలి నుంచి రాలిన గుప్పెడు మట్టిని అరచేతిలో పట్టుకుని నాకు చూపించారు.

"గోదారి దీన్ని ఇంకా వదల్లేదే. నువ్వు నన్ను పట్టుకున్నట్టు పట్టుకుంది" అన్నారు.

బూర్గంపాడు నుంచి వచ్చాక ఆయన నన్ను ఆటపట్టించడం అదే మొదలు. టీ చల్లారిపోయింది, ఇద్దరం పట్టించుకోలేదు.